మనిషిని చదివెడి చదువు

అంబాజీపేట కొబ్బరి విపణికి ఉదయము ఏడుగంటల వేళ పోయినవారికి మొదట కానవచ్చునవి కాయల రాశులు. పిదప వినవచ్చునది గునపముల చప్పుడు. నేలలో నిలువుగా పాతిన ఇనుపగునపముపై కాయను గ్రుచ్చి, మణికట్టును ఒక్క త్రిప్పు త్రిప్పి, డొక్కను చీలికలుగా ఊడదీసి, కాయను ఒకవైపునకు, డొక్కను మరియొకవైపునకు విసరుచుండు వలుపు కార్మికుని చేతులను మన కన్నులు వెంబడింపజాలవు. ఒకనాడు అట్టి రాశి చెంత ఒక బాలిక నోటుపుస్తకము పట్టుకొని నిలిచియుండగా చూచితిని. ఆమె డిగ్రీ రెండవ సంవత్సరపు పరీక్షలు వ్రాసి, కళాశాలవారు నిర్ణయించిన రెండునెలల పని శిక్షణకై ఒక కొబ్బరి వర్తకుని కొట్టునకు వచ్చినది. ఆమె చదువుచున్న పాఠ్యాంశము మానవ వనరుల నిర్వహణ.

"బాబాయిగారూ, మీకు రోజుకి జీతం ఎంతండీ?" అని ఆమె అడిగినది.

వలుపువాడు చేయి ఆపలేదు. "రోజుకి జీతమేంటమ్మా! మాకు రోజు లేదు, కాయే. వెయ్యికాయలకి ఇంతని లెక్క. ఈ చేతులు ఆడినంతసేపే డబ్బులు."

బాలిక ఆ మాట వ్రాసికొని, ఒక క్షణము ఆలోచించి, "మరి చేతులు ఆడనప్పుడోనండీ?" అన్నది.

అంతవరకును ఆగని గునపము అప్పుడు ఆగినది. అతడు తలయెత్తి ఆమె చేతిలోని పుస్తకమువైపు చూచి, "అది నీ పుస్తకంలో ఉందేమో చూసి చెప్పమ్మా" అన్నాడు.

ముప్పది సంవత్సరములు వాణిజ్యశాస్త్రము బోధించినవాడను నేను. కాలమునుబట్టి యిచ్చు వేతనము, పనినిబట్టి యిచ్చు వేతనము అను రెండు పద్ధతులకును గల భేదమును నల్లబల్లపై గీతలు గీచి ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. కాని పనినిబట్టి యిచ్చు వేతనమునకు వార్ధక్యము శత్రువను మాటను నేను ఏనాడును చెప్పలేదు. ఆ బాలిక రెండు ప్రశ్నలలో దానిని కనుగొన్నది. ఈ వ్యాసమునకు ఆ గునపము ఆగిన క్షణమే కారణము.

పదిమాసముల ఏర్పాటు

ఆంధ్రప్రదేశమున 2020-21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ చదువులందు ఒక క్రొత్త నియమము ప్రవేశపెట్టబడినది. మూడేండ్ల చదువులో పదిమాసములు విద్యార్థి తరగతిగది వెలుపల గడపవలెను. మొదటి యేడు ముగిసిన పిదప రెండునెలలు సమాజసేవా ప్రాజెక్టు. రెండవ యేడు ముగిసిన పిదప రెండునెలలు స్వల్పకాలిక శిక్షణ. మూడవయేట ఒక సెమిస్టరు పూర్తిగా పనిచోటనే. వాణిజ్యము, విజ్ఞానము, కళలు అను భేదము లేదు. ఇది చేయనివానికి పట్టము లేదు.

ఈ ఆలోచన ప్రపంచమునకు క్రొత్తది కాదు. అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయమున 1906లో హెర్మన్ ష్నైడర్ అను ఆచార్యుడు ఇంజనీరింగు విద్యార్థులను ఒక వారము తరగతిలోను, ఒక వారము కర్మాగారములోను ఉంచెడి పద్ధతిని ప్రారంభించెను. మన దేశమున 1961 నాటి అప్రెంటిసు చట్టము పారిశ్రామిక శిక్షణకు ఒక రూపము కల్పించినది. అసలు మాటకు వచ్చినచో, బండారులంకలో మగ్గము గుంటలో తండ్రిప్రక్కన కూర్చుండి నాడె విసరుట నేర్చిన బాలుడు ఏ విశ్వవిద్యాలయమును చూడకయే ఈ పద్ధతిలో చదివినవాడే. వైద్యునకు ఆసుపత్రియు, ఉపాధ్యాయునకు బడియు అభ్యాసశాలలైనవి. వాణిజ్య విద్యార్థి యొక్కడే గట్టున నిలిచి ఈత నేర్చుచుండెను.

కోనసీమకు ఈ మార్పు చిన్నది కాదు. అమలాపురమున శ్రీ కోనసీమ భానోజీ రామర్సు కళాశాల 1951లో వెలసినది. అంతకు పూర్వము పైచదువు కోరిన ఇచ్చటి బాలుడు పాయ దాటి కాకినాడకో, రాజమహేంద్రవరమునకో పోవలసియుండెను. 1957లోనే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరులో ఎం.బి.ఏ. తరగతిని ప్రారంభించినను, ఆ చదువు చదివినవారు విశాఖపట్టణపు పరిశ్రమలకును, దూరదేశములకును పోయిరేగాని కోనసీమకు మరలి రాలేదు. రాజమహేంద్రవరమున ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయము 2006లో ఏర్పడిన పిదప గోదావరిసీమ కళాశాలలు దాని నీడకు వచ్చినవి. నేడు అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల బాలబాలికలు తమ ఊరి పనిచోటులకే శిక్షణకు పోవుచున్నారు. చదువు ఊరు విడుచుటకు కాక, ఊరిని చూచుటకు ఉపకరించుట ఇదియే మొదలని చెప్పవచ్చును.

ఒక పేరు చరిత్ర

"మానవ వనరులు" అను మాట మన చెవులకు కొంత మొరటుగా తోచును. గనిలోని బొగ్గు, నదిలోని నీరు వనరులు; వానితోపాటు మనిషిని చేర్చుట యేమని పెద్దలు అడుగుదురు. ఆ ఆక్షేపణలో న్యాయము లేకపోలేదు. కాని ఆ పేరు వెనుక ఒక కథ కలదు.

మన దేశపు మిల్లులలో తొలినాళ్ళ పనివానిని చేర్చుకొనువాడు యజమాని కాడు, మేస్త్రీ. పని యిచ్చుట, మాన్పించుట, అప్పు పెట్టుట, లంచము గొనుట, అన్నియు అతని చేతిలోనివే. 1929లో నియమింపబడి 1931లో నివేదిక నిచ్చిన విట్లీ అధ్యక్షతలోని రాజకీయ కార్మిక విచారణ సంఘము ఈ పెత్తనమును తొలగించి, నియామకములను కార్మికాధికారి యను ఉద్యోగికి అప్పగింపవలెనని సూచించెను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 49వ విభాగమున 500 మందికి తక్కువకాని పనివారు గల ప్రతి ఫ్యాక్టరీలోను సంక్షేమాధికారి ఉండవలెనని శాసించినది. ఆ ఉద్యోగులకు విద్య గరపుటకు బడులు వెలసినవి. బొంబాయిలో 1936లో సర్ దొరాబ్జీ టాటా పేర ఏర్పడిన సమాజసేవా విద్యాలయమును, జంషెడ్‌పూరులో 1949లో జెస్యూట్ పాదరీలు స్థాపించిన జేవియర్ సంస్థయు వానిలో ముఖ్యములు.

కావున ఈ విద్య పుట్టినది లాభములు పెంచుటకు కాదు. మేస్త్రీ గుప్పిటనుండి కూలివానిని విడిపించుటకు. తరువాత దానికి సిబ్బంది నిర్వహణ యని పేరు వచ్చినది. 1954లో పీటర్ డ్రకర్ అను అమెరికా పండితుడు తన గ్రంథమున మనిషిని వనరుగా పేర్కొని, తక్కిన వనరులకు లేని యొక గుణము అతనికి కలదనెను. పని చేయవలెనో మానవలెనో నిశ్చయించుకొను స్వాతంత్ర్యము అతనిదే. 1985లో కేంద్రప్రభుత్వము విద్యాశాఖకు మానవ వనరుల అభివృద్ధి శాఖ యని పేరు పెట్టినప్పుడు దాని మొదటి మంత్రి మన పాములపర్తి వేంకట నరసింహారావుగారు. 2020లో ఆ శాఖ మరల విద్యాశాఖ యైనది. శాఖ పేరు మారినను, కళాశాలలో పాఠ్యాంశము పేరు నిలిచిపోయినది.

కోరంగి ఓడలు, రంగూను రేవు

మేస్త్రీ యనగానే ఎచ్చటనో బొంబాయి మిల్లుల మాటయని కోనసీమవాసులు అనుకొనరాదు. గౌతమి కావలిగట్టున కోరంగి యున్నది. 1839 నాటి పెనుతుపానులో నాశనమైన ఆ రేవు పేరు బర్మాలో మాత్రము శాశ్వతముగా నిలిచినది. తెలుగు కూలివానిని అచ్చట "కోరంగీ" యనియే పిలిచెడివారు. గోదావరి మండలమునుండియు, విశాఖ, గంజాముల నుండియు వేలకొలది జనులు రంగూను బియ్యపు మిల్లులకును, రేవునకును పోయిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరమున సగమునకు మించినవారు భారతీయులే.

వారిని తీసికొనిపోయినది మేస్త్రీ. ఊరిలో బయానా యిచ్చువాడు అతడు, ఓడ కూలి కట్టువాడు అతడు, అచ్చట పని చూపువాడు అతడు. యజమాని యిచ్చిన కూలి తన చేతిమీదుగా తీసికొని, అప్పు తగ్గించుకొని మిగిలినది పంచువాడును అతడే. తాను ఎవరికొరకు పనిచేయుచున్నాడో కూలివానికి తెలియదు. తన పని ఎవడు చేయుచున్నాడో యజమానికి తెలియదు.

ఇట్టి యేర్పాటు ఎట్లు పగులునో 1930 మే నెలలో లోకము చూచినది. రంగూను రేవులో తెలుగు కూలీలు కూలి పెంపునకై సమ్మె కట్టిరి. ఓడల సరకు దింపు వ్యాపారులు వారి స్థానమున బర్మీయులను పెట్టుకొనిరి. సమ్మె పరిష్కారమై తెలుగువారు పనికి మరలినంతనే బర్మీయులను పొమ్మనిరి. ఎదురెదురు పడిన ఆ రెండు పేదజట్టుల నడుమ మే 26వ తేదీన రేగిన కలహము నగరమంతట వ్యాపించి నూరుమందికి పైగా ప్రాణములు గొన్నది. ఒక జట్టును పిలిచినప్పుడు రెండవ జట్టునకు ఏమి చెప్పవలెనో ఆలోచించిన మనిషి ఆ రేవులో ఒక్కడును లేకపోయెను. మానవ వనరుల పాఠమును ఎక్కడ ప్రారంభింపవలెనని నన్నడిగినచో, అమెరికా గ్రంథములనుండి కాదు, ఆ రేవునుండి యని చెప్పుదును.

గిరిగారి త్రోవ

ఈ విద్యకు తెలుగువారిలో ఒక పెద్దదిక్కు కలదు. వరాహగిరి వేంకటగిరిగారు 1894లో బరంపురమున జన్మించి, బెంగాలు నాగపూరు రైల్వే కార్మికులను సంఘటితపరచి, అఖిలభారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసునకు రెండు పర్యాయములు అధ్యక్షులై, 1937లో మదరాసు రాజధానిలో కార్మికమంత్రియైరి. 1952లో కేంద్ర కార్మికమంత్రిపదవి వహించి, బ్యాంకు ఉద్యోగుల వివాదములో న్యాయస్థానము చేసిన తీర్పును ప్రభుత్వము మార్చినదని 1954లో దానిని త్యజించిరి. 1969లో రాష్ట్రపతియైరి.

వారి సిద్ధాంతమును కార్మికలోకము "గిరి మార్గ"మని పేర్కొన్నది. తగవు వచ్చినప్పుడు న్యాయాధికారి ముందునకు ఈడ్చుట కంటె, యజమానియు పనివాడును ఒక బల్లకు ఎదురెదురుగా కూర్చుండి తామే తీర్చుకొనుట మేలని దాని సారము. పైవాడు చెప్పిన తీర్పు ఇరువురిలో ఒకనిని ఓడించును. తాము కుదుర్చుకొన్న ఒడంబడిక ఇరువురిని నిలుపును. నోయిడాలోని జాతీయ శ్రామిక సంస్థకు 1995లో వారి పేరు పెట్టిరి. మన కళాశాలలలో ఈ విద్య చదువు బాలురు డ్రకరును, మాస్లోను ఎరుగుదురు. గిరిగారు రాష్ట్రపతి యనునంతవరకే ఎరుగుదురు. లోపము బాలురది కాదు, మాది.

కోనసీమ పనిచోటులు

ఇక మన సీమకు వత్తము. పాఠ్యగ్రంథములలోని సంస్థకు ఒక భవనము, అందు ఒక శాఖ, ఆ శాఖకు ఒక అధికారి ఉండును. కోనసీమలో అట్టివి అరుదు. పీచు పరిశ్రమలో పదిమందో, ఇరువదిమందో. కొబ్బరి కొట్టులో దింపువారు, మోతవారు, వలుపువారు మూడు జట్టులు. రావులపాలెము అరటి విపణిలో లారీ కెత్తు ముఠా. చెరువుకట్టపై రొయ్యలకు మేత చల్లుచు రాత్రి కాపలా యుండు ఒంటరి కుటుంబము. రొయ్యల శుద్ధి కేంద్రములో తెల్లవారక ముందే వ్యానులో దిగు స్త్రీలు. భవిష్యనిధికి 20 మంది, రాజ్య బీమాకు 10 మంది అని చట్టము గీచిన గీతకు ఇవతల నిలిచిపోవునవి పెక్కు. వీనియందు మానవ వనరుల అధికారి ఎవడనగా, తొంబది యేండ్ల క్రిందట విట్లీ సంఘము తొలగింపుమన్న మేస్త్రీయే!

ఇట్టిచోట విద్యార్థి నేర్వదగినది ఏమున్నదని కొందరందురు. ఉన్నది, ఇంకెచ్చట లేనంత యున్నది.

2011 ఖరీఫులో కోనసీమ రైతులు సాగుసెలవు ప్రకటించి, వేలాది ఎకరములలో నాట్లు మానివేసిరి. ధాన్యపు సీమయే నాగలి దింపినదని దేశమంతట చెప్పుకొనిరి. మోహన్ కందాగారి అధ్యక్షతన ప్రభుత్వము ఒక సంఘమును వేసినది. గిట్టని ధర, పూడిన మురుగుకాలువలు, పెరిగిన పెట్టుబడి, వీనితోపాటు రైతులు చెప్పిన కారణము కూలీలు దొరకకుండుట. ఆనాడు రైతు "కూలి దొరకుటలేదు" అనెను. కూలివాడు "కూలి గిట్టుటలేదు" అనెను. రెండును నిజములే. ఒకే చేనికి ఇరుగట్టులనుండి కానవచ్చు రెండు దృశ్యములవి. రెండింటిని ఒకే పుటలో వ్రాయనేర్చినవాడు ఈ విద్యను నేర్చినట్లు.

భూగర్భమున చమురును, సహజవాయువును కోనసీమకు భాగ్యమును, భయమును తెచ్చినవి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన జ్వాల 65 దినములు ఆరలేదు. 2014 జూన్ 27 వేకువజామున నగరము గ్రామమున గొట్టపుమార్గము ప్రేలి ఇరువదిమందికి పైగా మరణించిరి. భద్రత యనునది యంత్రములకు సంబంధించినదే కాదు. వాసన వచ్చుచున్నదని చిన్న కూలివాడు చెప్పినప్పుడు వినువా డొకడు పైన ఉండవలెను. ఆ వినుట యెట్లో నేర్పవలసినది ఈ విద్యయే.

గల్ఫుదేశములకు ఇంటిపనికై పోవు స్త్రీలు కోనసీమ గ్రామములలో అనేకులు. 1983 నాటి వలసచట్టము వారికి రక్షణగా కొన్ని నియమములు పెట్టినది. 30 ఏండ్లు నిండని స్త్రీని ఆ దేశములకు ఇంటిపనికై పంపరాదన్న నిబంధనయు కలదు. కాని గ్రామమున మధ్యవర్తి చెప్పునదే చట్టము. సమాజసేవా ప్రాజెక్టునకు పోయిన విద్యార్థి రెండునెలలలో పది యిండ్ల వారికి ఒడంబడిక పత్రమును చదివి వినిపించినను అది ఏ పరీక్షాపత్రమునకు తీసిపోవును?

2019 నాటి వేతనస్మృతియు, 2020 నాటి మూడు కార్మికస్మృతులును 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినవి. 29 పాతచట్టములు వానిలో కలిసిపోయినవి. పనివానికి నియామకపత్రము ఇయ్యవలెనన్న విధి వచ్చినది. ఈ మార్పులను పనివారి భాషలో వారికి చెప్పువారు ఎవరు? ఉన్నారు, పద్దెనిమిది ఇరువది ఏండ్ల వయసువారు, చేతిలో నోటుపుస్తకముతో.

చింపిన పుట

ఇంతవరకు చెప్పినది బాగుగానే యున్నది. కాని ఈ యేర్పాటు నడుచుచున్న తీరులో దాచరాని లోపములు కలవు. శిక్షణకు పోకయే ముద్ర వేయించుకొన్న పత్రము తెచ్చువారు కలరు. అట్టి పత్రమును చూపిన బాలుని, "నీవు పనిచేసినచోట ఎందరు పనివారురా?" యని నేను అడుగగా, "చూసి చెబుతానండి" యని తన నివేదికనే తెరచినాడు. అతనిపై కోపము రాలేదు. ఊరికి బస్సు లేదు, చేతిలో డబ్బు లేదు, సెలవులలో పనికి పోనిచో ఇల్లు గడవదు. పనిచేసి చదువుకొనుచున్న ఆ పిల్లవానిని పని నేర్చుకొమ్మని పంపితిమి!

దీనికంటె పెద్దదోషము ఒకటి కలదు. అది నాది.

మూడవయేటి సెమిస్టరు శిక్షణ ప్రారంభమైన తొలిదినములలో మా విద్యార్థి ఒకడు ఒక పీచు పరిశ్రమకు పోయెను. అచ్చట స్త్రీలు పీచును ఎండబోసి, దులిపి, కట్టలు కట్టుదురు. శనివారము సాయంకాలము కూలి. పేరుకు ఎదుట వ్రేలిముద్ర. ఆ పుస్తకపు లెక్కలను కంప్యూటరులోనికి ఎక్కించుట మా పిల్లవానికి అప్పగించిన పని. స్త్రీలలో ఒకామె అతని ఊరిదే. చిన్ననాటినుండి అత్తా యని పిలిచెడివాడు. మూడవవారమున అతడొకటి కనుగొనెను. పుస్తకములో ఆమె పేరున ఉన్న మొత్తము వేరు, ఆమె కొంగున ముడివేసికొని పోవునది వేరు. నడుమ తగ్గినది పాత బయానా క్రింద మేస్త్రీ పట్టుకొన్నదట. ఆ బయానా ఎంతయో, ఎంత తీరినదో ఎచ్చటను వ్రాత లేదు.

పిల్లవాడు ఆ సంగతిని తన దినచర్యలో ఒక పుట నిండ వ్రాసి నాకు చూపెను. నేను చదివితిని. చదివి, "ఈ పుట తీసివేయుము" అంటిని.

ఎందులకంటినో చెప్పవలెను. నలుబదిమంది విద్యార్థులకు స్థానములు చూపవలసియున్నది. చుట్టుప్రక్కల విద్యార్థులను రానిచ్చు పరిశ్రమలు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి. ఒక యజమాని నొచ్చుకొన్నచో ఆ మాట రెండవవానికి ప్రాకును. అన్నము పెట్టిన యింట తప్పులెన్నరాదని మన పెద్దలు చెప్పిన నీతిని కూడ ఆనాడు ఉదహరించితిని. పిల్లవాడు మారు పలుకక పుటను చింపెను. నివేదికకు మంచి మార్కులు వచ్చినవి.

ఫలితములు తెలిసిన మరునాడు అతడు మా యింటికి వచ్చి, మడిచిన ఆ కాగితమును నా బల్లపై ఉంచి, "ఇది మీ దగ్గర ఉంచండి మాస్టారూ. నాకు మార్కులు వచ్చేశాయి" అని చెప్పి వెడలిపోయెను. ఎద్దుపుండు కాకికి ముద్దా యని లోకము మేస్త్రీ వంటివారిని గూర్చి అనును. ఆనాడు ఆ సామెత నా కళాశాలకును, నాకును వర్తించుచున్నట్లు తోచినది.

వారము దినములు ఆ కాగితము బల్లపైనే యుండెను. పిమ్మట ఇద్దరు సహోద్యోగులతో ఆ యజమానిని చూడబోయితిని. ఆయన మర్యాదస్థుడు, కొబ్బరినీళ్ళు ఇప్పించెను. సంగతి విన్న పిదప చాలసేపు మౌనముగా ఉండి, "నేను రిజిస్టరే చూస్తానండి మాస్టారూ, చేతులు చూడను" అనెను. ఎరుగక అనెనో, ఎరిగియే అనెనో నేను నిర్ణయింపజాలను. ఆ శనివారమునుండి కూలి యిచ్చువేళ మొత్తమును పైకి చదివి వినిపించిన తరువాతనే వ్రేలిముద్ర తీసికొనుట మొదలైనది. బయానాలకు వేరొక పుస్తకము పెట్టిరి. వెనుకటి లెక్కలు కొన్ని తేలినవి, కొన్ని తేలలేదు.

మరుసటి యేడు ఆ పరిశ్రమవారు మా విద్యార్థులను తీసికొనలేదు. నేను భయపడినది జరిగినది. కాని నేను భయపడినంత నష్టము జరుగలేదు. ఇద్దరు విద్యార్థులకు వేరొక చోటు వెదకవలసివచ్చినది, అంతే. ఆ స్త్రీలకు మాత్రము ప్రతి శనివారము తమ కూలి తమ చెవులతో వినుట మిగిలినది.

చేయవలసినది

ఈ యేర్పాటును నిందించి మానుకొందమని నేను అనను. గిట్టని చేనిని బీడు పెట్టుట కంటె కాలువ త్రవ్వుట మేలు. నా అనుభవమునకు తోచిన నాలుగు మాటలు మనవి చేయుదును.

మొదటిది, శిక్షణకు పోయిన విద్యార్థి మొదటి వారము బల్లచెంత కాక పనివారి వరుసలో ఉండవలెను. పీచు దులిపి, బుట్ట మోసి, చేతులు నొచ్చిన పిదప వ్రాసిన నివేదిక వేరుగా ఉండును.

రెండవది, దినచర్యను తెలుగులో వ్రాయనిండు. అనేకులు ఆంగ్లమున వ్రాయవలసివచ్చి, చూచినది వ్రాయలేక, పుస్తకములోనిది ఎత్తి వ్రాయుచున్నారు. వలుపువాని మాటను ఆంగ్లమున వ్రాయబోయిన బాలికకు వేయికాయల లెక్క మిగులునుగాని, ఆగిన గునపము మిగులదు.

మూడవది, విద్యార్థి చూచిన అన్యాయమును చెప్పుటకు ఒక త్రోవ ముందుగానే ఉండవలెను. పద్దెనిమిదేండ్ల బాలునిపై ఆ బరువు మోపరాదు. అతడు ఉపాధ్యాయునకు చెప్పవలెను. ఉపాధ్యాయుడు పోయి యజమాని ఎదుట కూర్చుండవలెను. గిరిగారి త్రోవ ఇదియే. పత్రికకెక్కించుట, అధికారికి వ్రాయుట తరువాతి మాటలు. కాని పుట చింపుట మాత్రము ఏ త్రోవయు కాదు.

నాలుగవది, బస్సుకూలియైనను లేని శిక్షణ పేదవానికి శిక్షయే. ఉన్నవారి పిల్లలు శిక్షణ పొంది, లేనివారి పిల్లలు ముద్ర కొనుక్కొనునట్లయిన, ఈ చదువు ఏ మేస్త్రీతనమును తొలగింప బుట్టినదో దానినే మరల స్థాపించును.

అంబాజీపేట బాలిక సంగతి చెప్పి ముగింతును. రెండునెలల అనంతరము ఆమె నివేదికను పరిశీలించితిని. అందు వేతన పద్ధతులను గూర్చిన భాగము పుస్తకమునుండి దింపినదే. దానికి నేను మార్కులు తగ్గించితిని. కాని చివర ఒక పట్టిక కలదు. తాను చూచిన పదునొకండుగురు వలుపువారి వయస్సు, ఒక్కొక్కడు ఉదయమునుండి మధ్యాహ్నమువరకు వలిచిన కాయల లెక్క, వారికి గల అప్పు, ఇంటిలో సంపాదించువారి సంఖ్య. వయస్సు పెరిగినకొలది కాయలు తగ్గుచు వచ్చిన వరుసను ఎఱ్ఱ సిరాతో గీచియుంచినది. దాని క్రింద ఒక్క వాక్యము: "బాబాయిగారు అడిగినది పుస్తకంలో లేదు."

ఆమె ఆ పట్టికను తీసికొని మరల అంబాజీపేట పోయినదని విన్నాను. అసంఘటిత కార్మికులకు గల పింఛను పథకముల వివరములు, నమోదునకు కావలసిన కాగితముల జాబితా తెలుగులో వ్రాసికొని పోయినదట. పదునొకండుగురిలో ఎందరు నమోదైరో నాకు తెలియదు. కొందరికి వయస్సు దాటిపోయి యుండును. కాని పుస్తకములో లేనిదానిని వెదకి, అడిగినవానికి మరల పోయి చెప్పవలెనను బుద్ధి ఆ బాలికకు కలిగినది. ముప్పది సంవత్సరములలో నేను నల్లబల్లపై నేర్పలేకపోయిన దదియే.